పౌనుకెన్ని

రేపు విశాఖ. ఎల్లుండి టెక్కలి.
రెండూ చూసొచ్చాకే ఫీజు కట్టమన్నారు కూర్మారావు మాస్టారు.
చూడకుండా చేరడమంటే
గోనె విప్పకుండా జీడిపిక్కలు కొనడమేనట.
పలాసలో ఆ మాట ఎవరికైనా అర్థమవుతుంది.

అన్నాలయ్యాక
పోయినేడాది కేలండరు కాగితం వెనక్కి తిప్పి
నడిమికి గీత గీశాను.
ఎడమపక్క పెద్దది. కుడిపక్క చిన్నది.
అమ్మ పక్కనే కూర్చుని
వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది.
పన్నెండేళ్ళు పిక్కలు కొట్టిన వేళ్ళు.
ఆదాయం సర్టిఫికెట్టుకి వెళితే
మీసేవ యంత్రం
మూడుసార్లు ఈవిడెవరో తెలీదన్న వేళ్ళు.

పెద్దదాంట్లో లైబ్రరీ నాలుగంతస్తులమ్మా.
ఎండబెట్టి అంటించిన మొక్కలే ఒక గదినిండా.
మన మహేంద్రగిరి మీద ఎవరో ఎప్పుడో కోసిన పువ్వు
అక్కడుందట, ఇక్కడ లేదు.
మైక్రోస్కోపు మనిషికొకటి.
(ఇక్కడ పదకొండుమందికి ఒకటి.
నా వంతొచ్చేసరికి ఉల్లిపొర ఎండిపోయేది.)

"రాసుకో" అంది.

చిన్నదాంట్లో, బస్సెక్కితే గంటలో ఇల్లు.
హాస్టలు ఖర్చు లేదు.
ఒకపూట వెళ్ళకపోతే
జొరమొచ్చిందా అని ఫోను చేస్తారు.
ఉన్నది ముగ్గురే లేడీసు, ఇద్దరే మాస్టార్లు,
వాళ్ళకి రానిది మనకీ రాదు.

ఇది ఎటుపక్క రాయాలో తెలీక పెన్ను నమిలాను.

"పెద్దదాంట్లో ఎంతమందుంతారే?"
పదిహేనువేలట.

నూనె చెయ్యి ఆగింది.
ఇప్పుడు గ్రేడింగు బల్లమీద కూర్చునే మనిషి కదా,
ఏ అంకె విన్నా పప్పే కనిపిస్తుంది.
"పౌనుకి నూట ఎనభయ్యయితే పప్పు ఇంతుంటాది.
మూడొందలిరవై అంటే, ఇదిగో, ఇంతే.
అంకె పెరిగితే పప్పు సిన్నదయిపోద్దే గుంటా.
పదిహేనేలంటే
నువ్వెంతుంతావేటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు.
హేమసుందరికి ఫోను చేశాను.
మందస పిల్ల, పోయినేడు చేరింది.
మొదటివారం మెస్సు లైన్లో
దాని పేరు ఎవరూ అడగలేదట, "ఏయ్ శ్రీకాకుళం" అని పిలిచారట.
క్లాసులో ఒకసారి "ఏటి సార్" అంటే
నూటిరవైమంది నవ్వారట.
తర్వాత సోంపేట వాళ్ళిద్దరు, ఇచ్ఛాపురం పిల్లొకతె దొరికారు.
కేంటీను వెనకాల నలుగురూ కూర్చుని
కడుపునిండా ఏటి, ఏటి అనుకుంటారట.

"ఇక్కడ నన్నెవరూ ఎరగరే" అంది.
"అందుకే నెల్లాళ్ళు ఏడ్చాను.
ఒకరోజు సాయంత్రం సముద్రం ఒడ్డున
కాళ్ళు నొప్పెట్టేదాకా ఒక్కదాన్నే నడిచాను.
ఎవరూ మా అమ్మకి చెప్పలేదు."

ఎవరూ ఎరగరు.
ఎడమపక్క రాశాను, కొట్టేశాను,
కుడిపక్క బాధల కింద, పెద్దదాని లాభాల కింద,
చివరికి గీత మీదే రాశాను
అక్షరాలు అటు సగం, ఇటు సగం పడేలా.

అమ్మ మళ్ళీ మాట్లాడలేదు.
పడుకునేముందు మాత్రం
అడగాల్సినవి చెప్పింది, వేళ్ళు మడుస్తూ:
లేడీసు హాస్టలుకి నీళ్ళు ఏ యేళకొస్తాయి.
గేటుకాడ ముసిలాయన పిల్లల్ని ఏమని పిలుస్తాడు.
మధ్యాన్నం ఒక్కర్తీ కూసుని తినే పిల్లలెందరు,
ఆళ్ళ మొకాలు ఎలాగున్నాయి.
ఈ మాటలు పాంప్లెట్టులో లేవు.

నాలుగింటికి అలారం మోగేసరికి
వంటింట్లో దీపం వెలిగే ఉంది.
అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని
చెప్పులు తుడుచుకుంటోంది.
ఈరోజు కూలి పోతుంది కదే అన్నాను.

"పోనీ.
పిక్క నువ్వు సూడు,
గోనె నాను సూత్తాను."

స్టేషన్లో టికెట్లు రెండు తీసుకున్నాను.
కేలండరు కాగితం బల్లమీదే మర్చిపోయామని
పాసింజరు కదిలాక గుర్తొచ్చింది.